టవాలేసిన జాగా

పులివెందులలో మా చెల్లెలింటికి పోయి తిరిగొస్తాండాం, నేనూ నా కూతురూ. ప్రొద్దుటూరు బస్సు బస్టాండులోకి వచ్చీరాకముందే మంది ఎగబడినారు. బిడ్డను ముందుకు నెట్టుకుంటా, మోచేతులతో దారి చేసుకుంటా ఎట్లనో లోపలికెక్కినా. ఒక సీటు ఖాళీగా కనపడితే అటు పరిగెత్తినా. నేను చెయ్యి ఆనించేలోపల కిటికీలోంచి ఒక టవాలు వచ్చి దాని మీద పడింది. తెల్ల టవాలు, ఎర్ర అంచు.

వేరే రోజైతే నేను ఊరుకునే మనిషిని కాదు. "టవాలుకు టికెట్టు తీసుకున్యావా అప్పా?" అని అడిగి, దాన్ని తీసి సొంతదారు మొగానికే కొట్టేదాన్ని. నా నోరు సంగతి మా వీధిలో కుళాయి కాడ ఎవర్నడిగినా చెప్తారు. అట్లాంటిదాన్ని ఆ పొద్దు ఆ టవాలును చూసి కొయ్యబారిపోయినా. కండ్లు వాటంతటవే పైకి పోయినాయి, బస్సు పైకప్పు దిక్కు.

టవాలు పరిచిన ఖాళీ జాగాను చూస్తే నాకు భయం. ఆ భయం నాకు పెట్టినాయన, దాంట్లోనుంచి నా బిడ్డను బయటికి తెచ్చినాయన, ఇద్దరూ ఒకరే. ఆయన పోయి నెల కూడా కాలేదు.

ప్రొద్దుటూరులో మా పక్కిల్లు ఆయనది. వీధి వీధంతా టవాల మామ అనేవాళ్లు. ఎండుకట్టె మాదిరి మనిషి. తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, భుజాన ఎర్రంచు టవాలు. మెడ ఎప్పుడూ రవంత ముందుకు సాగి ఉండేది, జాగా యాడన్నా కనపడుతుందేమో అని వెతుకుతాండట్ల. బజారులో ఒక బట్టల అంగట్లో శానా ఏండ్లు గుమాస్తాగా చేసినాడు. చీర మడత తీసి ఒక్క విసురు విసిరితే ఈ కొస నుంచి ఆ కొస దాకా ముడత లేకుండా పరుచుకునేదంట. అదే విసురు టవాలుకూ వచ్చింది. బస్సు కిటికీలోంచి విసిరితే కమ్మీలకు తగలకుండా పోయి, సీటు మీద ఇస్త్రీ చేసి పరిచినట్ల పడేది. కండక్టర్లు కూడా చూసి "ఏం చెయ్యబ్బా ఇది!" అనేవాళ్లు.

ఆసుపత్రిలో బెంచీ కాడైనా, పెండ్లిలో బంతి కాడైనా, తిరునాళ్లలో తేరు ముందరైనా మామను ముందు పంపిస్తే చాలు, వెనక మనం నింపాదిగా పోవచ్చు. జమ్మలమడుగులో మా ఆడబిడ్డ పెండ్లప్పుడు ముందు వరస కుర్చీలన్నిటి మీదా అడ్డంగా టవాలు పరిచి కాపలా నిలబడినాడు. ఒక పెద్దాయన పట్టుపంచెతో వచ్చి అడిగినాడు.

"ఎవరిదప్పా ఈ టవాలు?"

"మావాళ్లది. వస్తాండారు."

"నేను పెండ్లికొడుకు నాయన్నప్పా!"

"అట్లనా? అయితే మీరూ మావాళ్లే గదా. కూచోండి, కూచోండి" అని ఒక కొస మడిచి ఆయనకొక కుర్చీ ఇచ్చినాడు. ఆ పెద్దాయన దండం పెట్టి కూచున్యాడు! ఎవరి పెండ్లిలో ఎవరు ఎవరికి జాగా ఇచ్చినారో చూడండి.

ఇంత చేసీ ఆయన మాత్రం కూచునేవాడు కాదు. బస్సులో మమ్మల్నందరినీ కూచోబెట్టి, కమ్మీ పట్టుకుని నిలబడేవాడు. "నువ్వూ కూచో మామా" అంటే, "నేను కూచుంటే జాగా ఎవరు చూస్తారుమే?" అనేవాడు.

ఆయనకొక సిద్ధాంతం ఉండేది. ఖాళీ జాగా కనపడితే, "ఈడ ఎవరన్నా ఉండారా?" అని అడగగూడదు. "అడిగితే పాయ! అడిగినావంటే లేదనే మాట నువ్వే ఎదుటోడి నోట్లో పెట్టినట్ల. టవాలెయ్యల్ల, అంతే." ఆ 'అడిగితే పాయ' అనేది మా వీధిలో సామెతైపోయింది. పిల్లోళ్లు గోలీలాటలో కూడా అనేవాళ్లు.

అందరూ నవ్వేవాళ్లే గానీ, ఒకసారి ఆ చెయ్యి పట్టుకుని చూసింటే నవ్వేవాళ్లు కాదు. నేను చూసినా. ఒకసారి బస్సెక్కడానికి చెయ్యి అందిస్తే అరచెయ్యంతా చెమట, చలికాలం పొద్దున్నే. బస్సు కనపడే ముందర పెదవులు ఆరిపోయేవి. గుటకలు మింగేవాడు. "జాగా లేకపోతే ఏం గతిమే?" అని గొణుక్కునేవాడు. ఏం గతి? నిలబడి పోతాం, కాళ్లు నొప్పులు పుడతాయి. అంతేగదా? ఆ మాటంటే నా దిక్కు ఎట్ల చూసేవాడంటే, తలుపు తీసిపెట్టి పండుకుంటానని చెప్పిందాన్ని చూసినట్ల చూసేవాడు. ఎందుకంత భయమని ఆయన పెండ్లాన్ని, మా పక్కింటత్తను, అడిగినా. "నాకేం తెలుసునమ్మా! నన్ను చూసుకోను వచ్చినపొద్దు గూడా ముందు మా ఇంట్లో కుర్చీ మీద టవాలేసినాకనే నా మొగం చూసినాడు" అనింది. కట్టుకున్న మనిషికే తెలియకపోతే నాకేం తెలుస్తుంది.

ఇంక కోన సంగతి.

నాకు పెండ్లయినాక శానా ఏండ్లు బిడ్డల్లేరు. మా అత్త మొక్కని దేవుడు లేడు. చివరికి అడివి లోపల ఒక కోనలో ఉండే సామికి మొక్కుకునింది. బిడ్డ పుడితే తిరునాళ్లనాడు ఆ కోనలోనే పుట్టెంటికలు తీయిస్తాం, పొంగలి పెడతాం, ఆ రాత్రి ఆడనే నిద్ర చేస్తాం అని. బ్రహ్మంగారిమఠం దాటి కొండల్లోకి పోవల్ల. కోన పేరు చెప్పను. ఆ సామి మీద నాకేం కోపం లేదు, పోయేవాళ్లను భయపెట్టడం నాకిష్టం లేదు.

బిడ్డ పుట్టింది. ఏడాది తిరక్కముందే బయల్దేరినాం. ఆ పొంగలికి ఒక కట్టడి ఉండాది. పొయ్యి అంటించినాక పొంగు లేచి కుండ అంచు దాటేదాకా మంట ఆరగూడదు. ఆరిందా, ఎవరి పేరు మీద పెట్టినామో వాళ్లకు కీడు. మా అత్త ఇది చెప్పినప్పుడల్లా పెండ్లయిన కొత్తలో నేను నవ్వేదాన్ని. బిడ్డ పుట్టినాక నవ్వు మానుకున్యా. కడుపున పుట్టినదుంటే, లేనిపోనివన్నీ నిజమైనట్ల అనిపిస్తాయి.

తిరునాళ్లనాడు ఆ కోనలో కాలు పెట్టను జాగా దొరకదని అందరూ చెప్పినారు. ఇంకేముంది, టవాల మామ ముందర కూచున్యాడు ఆటోలో. నేను, మా ఆయన, మా అత్త, పక్కింటత్త వెనక. బిడ్డ నా ఒళ్లో.

అడివి గేటు కాడ ఫారెస్టోళ్లు ఆపి చెప్పినారు. "పొద్దు మునిగితే గేటేస్తాం. మళ్లా తెల్లారేదాకా ఎవరినీ బయటికి వదలం. చిరుత తిరుగుతాంది. మందిలోనే జాగా చూసుకోండి, ఒంటరిగా ఒక మూలన పండుకోవద్దండి." ఆటో ఆయన మమ్మల్ని దింపి, ఆ మాట విని, బాడుగ తీసుకుని వెనక్కి చూడకుండా పోయినాడు.

లోపలికి పోతే కోనంతా మనుషులే. వీరపునాయునిపల్లె దిక్కు నుంచి ట్రాక్టర్లలో వచ్చిన రైతులు, గొర్రెలు మేపుకునే కుటుంబాలు, చెట్టు చెట్టుకూ చాపలు, బండ బండకూ పొయ్యిలు. ఒక పక్కన పట్నం పిల్లోళ్లు గండికోటలో వేస్తారే, అట్లాంటి నీలం టెంట్లు వేసుకుని పాటలు పెట్టుకున్యారు. మేం యాడ ఆగితే ఆడ ఎవరో ఒకరు చెయ్యి ఊపుతాండారు. "ఈడ మావాళ్లుండారు." "ఇది మాది." "ముందుకు పోండమ్మా." కోనలో పొద్దు తొందరగా పోతాది. కొండ నీడ ఒక పక్కనుంచి కిందికి దిగుతా వస్తాంది. బిడ్డ ఎండకు కందిపోయి ఏడుస్తాంది. మా అత్త నడవలేక ఒక రాయి మీద కూలబడి, "సామీ, పిలిపించుకుని ఇట్ల నడిబాటలో నిలబెడితివే!" అని కొంగు నోట్లో కుక్కుకునింది. నాకు ఆ చిరుత మాట తప్ప ఇంకేం గుర్తుకు రాలేదు. దారిలో ప్రతి పొద దిక్కూ చూస్తా బిడ్డను గుండెకు అదుముకున్యా.

అప్పుడు మామ మెడ ముందుకు సాగింది.

సన్నగా నీళ్లు పారే వంక మలుపు కాడ పెద్ద మద్దిచెట్టు. దాని వెనక నిలువుగా లేచిన బండ, పైన చూరు మాదిరి ముందుకు వంగి ఉండాది. కింద మెత్తటి ఇసుక, చల్లటి నీడ, పక్కనే నీళ్లు. పొయ్యికి మూడు రాళ్లు కూడా ఎవరో పెట్టినారు. ఒక్క మనిషి లేడు. ఒక చాప లేదు. మామ చెయ్యి లేచింది, టవాలు గాల్లో తెరుచుకునింది, ఇసుక మీద ముడత లేకుండా పడింది.

"జాగా!" అన్నాడు. మొగం వెలిగిపోయింది.

మా అత్త చేతులెత్తి దండం పెట్టింది. నేను మాత్రం బిడ్డను కిందికి దించలేదు. ఇంత మంది జాగా లేక బండల మీద పడుంటే, కోనంతటికీ మేలైన జాగా ఇదొక్కటే ఎట్ల ఖాళీగా ఉండాది?

"మామా, ఎవర్నన్నా అడుగుదాం."

"అడిగితే పాయ!"

"కాదు మామా, ఎందుకు ఖాళీగా ఉండాదో..."

"నీకెందుకుమే? మన అదృష్టం. గమ్మునుండు."

చుట్టూ చూసినా. పక్క వాళ్ల చాపలన్నీ ఒక చోట ఆగిపోయినాయి, ముగ్గుతో గీత గీసినట్ల. ఆ గీతకు ఇవతల మేమొక్కరమే. నీళ్లకు పోయే ఆడోళ్లు కూడా ఈడ దగ్గరి దారుంటే చుట్టు తిరిగి పోతాండారు. ఆ పొయ్యి రాళ్లకింద బూడిద లేదు. ఏ కాలానిదో మసి, దాని మీద నాచు పట్టింది. మందిలో ఒక ముసలమ్మ, గొర్రెలోళ్ల ఇంటామె, చెయ్యెత్తి ఏదో చెప్పుకుంటా మా దిక్కు వచ్చింది. ఆయమ్మ నోరు తెరవకముందే మామ అడ్డం పోయినాడు. "టవాలేసినాం అవ్వా. జాగా అయిపాయ." ఆయమ్మ నా ఒళ్లో బిడ్డ దిక్కు చూసింది, మామ దిక్కు చూసింది, ఏదో గొణుక్కుంటా వెనక్కి పోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు. లేచి ఆయమ్మ వెనకే పోదామంటే మా అత్త తొందర పెట్టింది, "పొద్దు పోతాంది, ముందు గుండు కానీ" అని.

గుడి కాడికి పోయి బిడ్డకు గుండు చేయించినాం. తల నిండా గంధం పూసినారు. తిరిగొచ్చి మద్దికొమ్మకు చీర కట్టి ఉయ్యాల చేసి పండుకోబెట్టినా. మా ఆయన ఇంకొన్ని కట్టెలకు పోయినాడు. మా అత్త కుండకు పసుపు రాసి, పాలు పోసి, కర్పూరం వెలిగించి పొయ్యి అంటించింది. కట్టెలు పచ్చివి. తెల్లటి పొగ దట్టంగా లేచి, బండను పట్టుకుని పైకి పాకింది.

మొదట ఎవరో దూరంగా జనరేటరు పెట్టినారనుకున్యా. గుయ్యిమని ఒకటే శబ్దం. పట్నం పిల్లోళ్ల పాట ఆగిపోయింది, శబ్దం మాత్రం ఆగలేదు. ఉయ్యాల కాడికి పోయి చూసినా. గంధం పూసిన బోడితల మీద ఒక తేనెటీగ నడుస్తాంది. నా బొటనవేలంత ఉండాది. కొట్టబోయినా.

"కొట్టొద్దు!" మామ గొంతు. అరవలేదు, గుసగుసగా అన్నాడు. "కదలొద్దుమే. పైకి చూడు."

చూసినా. బండ చూరు కింద నల్లగా, తట్టలంత, గంపలంత మరకలున్నాయి. వచ్చినప్పుడు చూసి పాత నాచేమో అనుకున్యా. ఆ మరకలు కదులుతాండాయి. ఒకటి కాదు, చూరు పొడవునా తేనెతుట్టెలే. పొగ తగిలిన తుట్టె మీద ఈగలు అల మాదిరి లేచి పడతాండాయి. దేవుడా, నా బిడ్డ నోరు తెరిచి ఏడిస్తే ఎట్ల? ఏడవద్దు తల్లీ, ఏడవద్దు అని మనసులోనే మొత్తుకుంటాండా.

గీతకు అవతల నుంచి ఆ ముసలమ్మ చేతులూపుతాంది. "పొగ! పొగ ఆపండి! పొగకు లేస్తాయి!"

మా అత్త పొయ్యికి అడ్డం పడింది. "పొంగు రాలేదు! ఇప్పుడు ఆర్పితే బిడ్డకు కీడు! రవంత సేపు, పాలు లేస్తాండాయి..."

మామ దిక్కు చూసినా. చొక్కా అంతా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. గదవ వణుకుతాంది. అంత భయపడిన మొగాన్ని నేను ఎన్నడూ చూడలేదు. ఆ వణుకుతోనే వంగి ఇసుక మీది టవాలు తీసినాడు. వంక నీళ్లలో ముంచినాడు. వచ్చి, అంగట్లో చీర పరిచినట్ల, ఒక్క విసురుకు పొయ్యి మీద పరిచినాడు. కుండ పక్కకు దొర్లి పాలన్నీ ఇసుకలో ఇంకిపోయినాయి. పొగ చప్పున ఆగింది.

"ఎంత పని చేసినావప్పా!" మా అత్త నెత్తి కొట్టుకునింది.

"నేనార్పినా" అన్నాడు మామ. "బిడ్డ కాదు, నువ్వు కాదు. నేనార్పినా. ఆ కీడేదో నా మీదకే రానీ."

అట్లని ఆ ముసలమ్మ దిక్కు తిరిగినాడు. జన్మలో ఎవర్నీ అడగని మనిషి, రెండు చేతులూ జోడించి అడిగినాడు.

"అవ్వా, ఆడ రవంత జాగా ఉందా?"

"రా నాయనా, రాండి తల్లీ!" ఆయమ్మ అప్పటికే చాపలు ఒత్తి పెట్టింది. పిల్లోళ్లను పక్కకు లాగి, గొంగళి విప్పి చేతుల్లో పట్టుకుని నిలబడింది. బిడ్డను ఉయ్యాలలోనుంచి తీసి, కొంగు కప్పి, అడుగులో అడుగేసుకుంటా నడిచినా. ఆ రవంత దూరం ఎంత దూరమో నాకే తెలుసు. తల మీది ఈగ ఎప్పుడు లేచిపోయిందో తెలియదు. మా అత్త, పక్కింటత్త నా వెనకే వచ్చినారు. ముసలమ్మ మమ్మల్నందర్నీ గొంగళి కిందికి తోసి పైన ఇంకొక గొంగళేసింది.

"మామా, రా!" అని లోపలినుంచే అరిచినా.

"నేను లేస్తే టవాలు లేస్తాది. టవాలు లేస్తే పొగ లేస్తాదిమే. బిడ్డను కప్పు. నేను కూచున్యా గదా."

గొంగళి సందులోంచి చూసినా. నిజంగానే కూచున్యాడు. టవాలు నాలుగు కొసలనూ కాళ్లతో, చేతులతో ఇసుకలోకి తొక్కిపట్టి, తల మోకాళ్ల మధ్యన పెట్టుకుని. ఆయన ఒక జాగాలో కూచోడం నేను చూడ్డం అదే మొదలు. తుట్టె సగం ఊడినట్ల కిందికి దిగింది. ముసలమ్మ సందు మూసేసింది. ఇంక చీకటి, గొర్రె బొచ్చు వాసన, బిడ్డ ఊపిరి, గొంగళి పైన వాన పడినట్ల చప్పుడు. మామ దిక్కునుంచి ఒక్క అరుపు రాలేదు. అరిస్తే మేం బయటికి వస్తామని నోరు మూసుకున్యాడంట, తర్వాత చెప్పినాడు.

పొగ పోయినాక, ఈగలు సర్దుకున్నాక, కట్టెలతో తిరిగొచ్చిన మా ఆయన, ట్రాక్టరోళ్లు తడిపిన గోనెపట్టాలు కప్పుకుని పోయి ఆయన్ను ఎత్తుకొచ్చినారు. మొగం కుండంత అయ్యింది. కండ్లు కనపడలేదు. ఫారెస్టోళ్లే గేటు తీసి జీపులో ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేర్చినారు. బతికినాడు. టవాలు ఆడనే ఉండిపోయింది, పోయి తెచ్చేదానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ నీలం టెంట్ల పిల్లోళ్లు మాకంటే ముందే వచ్చి ఆ జాగా చూసినారంట. "అవ్వా, ఈడ వేసుకోవచ్చా?" అని అడిగినారంట. ఆయమ్మ పైకి చూపించిందంట. అంతే, వేరే చోటికి పోయినారు. అడిగినారు, చెప్పింది. ఇంత చిన్న సంగతి!

నాకు కోపం రాలేదా? వచ్చింది. ఆసుపత్రిలోనే అడిగేసినా. "ఒక్క మాట అడిగింటే ఏం పోయేది మామా నీ సొమ్ము?" వాచిన పెదాలతో ఆయన "బిడ్డకు జొరం గిరం ల్యాదు గదా?" అన్నాడు. నేనడిగిందొకటి, ఆయన చెప్పిందొకటి.

ఆ పొద్దు నుంచి భుజాన టవాలు లేదు. బస్సులకు అందరికంటే వెనక ఎక్కి, మాట్లాడకుండా కమ్మీ పట్టుకునేవాడు. జాగా భయం పోయి, దాని తావున ఇంకో భయం వచ్చింది. నా కూతురు ఒక్కసారి తుమ్మితే చాలు, మా గడప కాడ ప్రత్యక్షం. లోపలికి వచ్చేవాడు కాదు. తలుపు చెక్క పట్టుకుని, "పాప ఎట్లుండాదిమే?" పళ్లు వచ్చి విరేచనాలైతే, "పాప ఎట్లుండాదిమే?" బడిలో పడి మోకాలు గీరుకుంటే, మొగం పాలిపోయి, "పాప ఎట్లుండాదిమే?" "బండలాగుండాది, పో మామా" అని కసిరేదాన్ని. కసిరి, తలుపేసి, లోపలికి పోయి బిడ్డ నుదురు మీద చెయ్యి పెట్టి చూసేదాన్ని. ఆయన భయం అంటురోగం మాదిరి నాకూ తగులుకునింది.

మా అత్త మళ్లా కోనకు పోయి పొంగలి పూర్తి చేద్దామని ఎన్నిసార్లు అనిందో! ప్రతిసారీ మామ వచ్చి మా గడపకు అడ్డం కూచునేవాడు. "నన్ను తొక్కి పోండి. బిడ్డను మాత్రం ఆడికి తీసకపోవద్దండి." పొంగలి అట్లనే బాకీ ఉండిపోయింది. మా అత్త కూడా ఆ దిగులుతోనే పోయింది.

నా కూతురు బడికి పోయే వయసొచ్చినాక, వీధి చివర ఆటో కాడికి దాన్ని ఆయనే తీసుకుపోయేవాడు. ఒకసారి వెనకనుంచి విన్యా. ఆటో నిండా పిల్లోళ్లు. ఇది బిక్కమొగమేసుకుని నిలబడింది.

"అడుగు పాపా" అంటాండాడు. "నోరు తెరిచి అడుగు. ఉంటే ఇస్తారు. ల్యాకుంటే ఎందుకు ల్యాదో చెప్తారు. అడగకుండా మాత్రం యాడా కూచోవద్దు తల్లీ."

పక్కనే ఉన్న గోలీలాట పిల్లోడు, "తాతా, అడిగితే పాయ గదా!" అని ఎక్కిరించినాడు. మామ నవ్వలేదు.

ఈ మధ్య ఊపిరితిత్తుల్లో ఏదో అన్నారు. ఆసుపత్రుల చుట్టూ తిప్పి, ఇంక ఇంటికి తీసుకుపోండని చెప్పి పంపినారు. ఒకపొద్దు మధ్యాన్నం పక్కింటత్త వచ్చి, "పాపను పిలుస్తాండాడమ్మా" అనింది. పోయినాం. మంచం మీద ఎముకలు మిగిలినాయి.

"పాపా, ఇట్ల వెలుగులోకి వచ్చి నిలబడు."

నిలబడింది. ఇప్పుడు ఆరో తరగతి, నా భుజం దాకా వచ్చింది. రెండు జడలు. మామ దాన్ని తల నుంచి పాదాల దాకా చూసినాడు.

"యాడన్నా నొప్పుందా?"

"ల్యా తాతా."

"తలనొప్పి? కడుపులో? రేత్రి కలలు గిలలు?"

"ఏంల్యా తాతా. నేను బాగుండా."

మామ కండ్లు మూసుకున్యాడు. మొగమంతా మెల్లగా విప్పారింది. పండ్లు కనపడేట్ల నవ్వినాడు.

"అయితే నాకే వచ్చినాది" అన్నాడు.

"చచ్చే కాలానికి నవ్వేందయ్యా?" పక్కింటత్త ఏడుస్తా తిట్టింది.

"ఇన్నేండ్లూ అది యాడ పోయి కూచుంటాదో, యాడ పోయి కూచుంటాదో అని చూస్తాంటి. ఆ కీడు నా మీదనే టవాలేసినాదే పిచ్చిదానా. ఇంగ పాప జోలికి రాదు."

ఆయన చెయ్యి పట్టుకున్యా. ఎప్పుడూ చెమటతో తడిసి ఉండే ఆ అరచెయ్యి పొడిగా ఉండాది, వెచ్చగా ఉండాది. నాకు ఏడుపాగలేదు. ఇంత భయస్తుణ్ణి నా జన్మలో చూడలేదు, ఇంత ధైర్యస్తుణ్ణీ చూడలేదు. ఆ రెండూ ఒకే ఒంట్లో ఎట్ల ఇమిడినాయో నాకు ఈ పొద్దుటికీ అర్థం కాదు.

ప్రొద్దుటూరు బస్సులో ఇదంతా ఒక్క నిమిషంలో తిరిగింది. నేను కమ్మీ పట్టుకుని ఆ ఎర్రంచు టవాలు దిక్కే చూస్తాండా. టవాలు సొంతదారు, మీసాలు ఇప్పుడే వస్తాండే పిల్లోడు, మందిని తోసుకుని వచ్చినాడు. నా కూతురే ఆ పిల్లోడి ముందర నిలబడి అడిగింది.

"అన్నా, ఈడ రవంత జాగా ఉందా? మా అమ్మకు బాగల్యాదు."

ఆ పిల్లోడు నా దిక్కు చూసినాడు. టవాలు తీసి భుజాన వేసుకున్యాడు. "కూచోండక్కా" అని పక్కకు జరిగి తను కమ్మీ పట్టుకున్యాడు.

కూచోబోయి ఆగినా. కండ్లు మళ్లా పైకి పోయినాయి. నా కూతురు నన్ను చూసింది. తనూ తలెత్తి, బస్సు పైకప్పును ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా చూసింది.

"ఏంల్యామా" అనింది నా చెయ్యి పట్టుకుని. "వట్టి రేకే. కూచో."